నలభై ఏడో కొక్కెం

సెతుబల్‌లో, నది సముద్రంలో కలిసేచోట
మూతబడ్డ సార్డిన్ డబ్బాల ఫ్యాక్టరీ.
ఇప్పుడది మ్యూజియం.
మనిషన్నవాడు లేని ఒక సోమవారం చూసి
పన్నెండు చోట్ల కెమెరా నిలబెట్టి చుట్టూ తిప్పి తీశాను.
ఇంట్లో కూచుని ఎవరైనా వేలితో గోడలు తిప్పుకోవచ్చు,
నూనె తొట్టిలోకి తొంగి చూడొచ్చు.
"బాగుంది గాని
దీపం పెట్టని ఇల్లులా ఉంది" అన్నాడు బెల్మీరో, మ్యూజియం పెద్ద.
"మాట్లాడే మనిషిని పెట్టు."

దోనా ఎర్మెలిండా వచ్చింది.
డెబ్బై ఎనిమిదేళ్లు.
అందులో ముప్ఫై ఒకటి ఈ బల్ల ముందే.
వస్తూనే పాత ఏప్రన్ కట్టుకుంది, పచ్చది.

వెనకాల నేను కట్టిన పరదా కూడా పచ్చే.
కంప్యూటర్‌కి పచ్చ కనబడితే మాయం చేయడమొక్కటే తెలుసు.
పరదాతోపాటు ఏప్రన్నీ మింగింది.
తెర మీద తల, భుజాలు, మోచేతులు,
నడుమ కిటికీ అంత ఖాళీ,
ఖాళీలోంచి డబ్బాలకు మూతలు బిగించే యంత్రం.
"వేరే రంగుది కట్టుకుంటారా?"
"నీలం పక్క ఫ్యాక్టరీ వాళ్లది."
ఆ మాట మీద ఇంకో మాట లేదు.
నాలుగు వేల రెండొందల ఫ్రేములు,
ఒక్కోదాంట్లో ఏప్రన్ అంచు చేత్తో గీశాను.

తర్వాత నీడ.
నీడ లేకుండా నిలబడేది దెయ్యమొక్కటే కదా,
పాదాల దగ్గర కొంచెం నలుపు పూశాను.
అయినా వెలుతురు అబద్ధం చెబుతూనే ఉంది:
గదిలో పొద్దుటి ఎండ ఎడమ కిటికీలోంచి,
ఆమె ముఖం మీద నా దీపం కుడివైపు నుంచి.
"ఎండా?" నవ్వింది. "ఈ గదిలో ఎండ నేనెప్పుడు చూశాను?
పడవలు ఒడ్డుకొచ్చాకే మాకు పొద్దుపొడుపు.
రాత్రి రెండయినా, మూడయినా
సైరన్ కూసేది.
ఒక్కో ఫ్యాక్టరీది ఒక్కో గొంతు.
నిద్రలో కూడా మాది మాకు తెలిసేది.
పిల్లని పక్కింట్లో పడుకోబెట్టి పరుగు."

ఇప్పుడు సైరన్ లేదు.
ఏ దేశంలోనో నిద్రపట్టనివాడు
తెర మీద గుండ్రటి గుర్తు నొక్కితే చాలు,
ఎర్మెలిండా వచ్చి నిలబడాలి.
ఈ సంగతి చెబితే కాసేపు ఆలోచించి
"అప్పుడు పెట్టెకింత అని ఇచ్చేవాళ్లు.
నొక్కుడుకెంత?" అని అడిగింది.
బెల్మీరో దగ్గాడు.

ఎవరూ ఏమీ నొక్కనప్పుడు
ఆమె ఊరికే నిలబడే ఏడు సెకన్లు కావాలి,
మొదలూ చివరా అతికించి తిప్పుతూ ఉండటానికి.
"ఊరికే నిలబడండి" అన్నాను.
ఆమెకు అది చేతకాలేదు.
ఐదుసార్లు తీశాను.
ప్రతిసారీ నడుం ఎత్తున, లేని బల్ల మీద
వేళ్లు తలలు తెంపాయి, తోకలు తెంపాయి,
పక్కపక్కన పేర్చాయి.
చివరికి వాటినే ఉంచేశాను.

అంతా అయ్యాక ఆమెకే మొదట చూపించాను.
తనని తాను చూసి
అద్దం ముందులా జుట్టు సర్దుకోలేదు, మురిసిపోలేదు.
వేలితో గోడను అటు లాగింది, ఇటు లాగింది,
తన బొమ్మ చుట్టూ ఎటునుంచో దారి దొరుకుతుందన్నట్టు.
"ఈవిడ అడ్డంగా నిలబడింది.
కొంచెం జరపవయ్యా."
"ఎందుకు?"
"వెనక కొక్కేలున్నాయి. నలభై ఏడోది జెనొవేవాది.
ఏప్రన్ తగిలించి నీళ్లు తాగొస్తానని వెళ్లింది, డెబ్బై మూడులో."
మిగతాది చెప్పలేదు. అడగలేదు నేను.

రెండడుగులు పక్కకు జరిపాను.
గోడ మీద తుప్పు పట్టిన కొక్కెం,
కింద తెల్లరంగు అంకె, సగం చెరిగిపోయి.
ఎర్మెలిండా కళ్లజోడు తీసి
తెర మీద ఆ చోటు
ఏప్రన్ కొసతో తుడిచింది.